మా యూనివర్సిటీలో పులి ఉండాలి

అమెరికాలోని లూసియానా స్టేట్ యూనివర్సిటీ తన జట్టుకు మస్కట్‌గా, అంటే గుర్తుగా, బతికున్న పులిని క్యాంపస్‌లో పెంచుతుంది. ఒకటి పోయాక వచ్చే పులికీ మైక్ అనే పేరే పెడతారు. మైక్ చనిపోయిన ప్రతిసారీ ఒక ప్రశ్న లేస్తుంది: మరో పులిని తెచ్చుకోవాలా, లేక ఈ ఆచారానికి ఇక్కడితో స్వస్తి చెప్పాలా? 2016 అక్టోబరులో ఆరో మైక్ చనిపోయినప్పుడు, ఇంకో పులిని తీసుకురావద్దని జంతువుల హక్కుల సంస్థ పెటా యూనివర్సిటీని బహిరంగంగానే కోరింది. ఆ కోరిక వెనుక ఉన్న ఆవేదనను నేను తేలిగ్గా తీసుకోను. అయినా ఆ యూనివర్సిటీలో చదువుకున్నవాడిగా, అక్కడ పులి ఉండాలనే అప్పుడు అనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. ఈ మాట ఎందుకు అంటున్నానో వివరంగా రాయవలసిన అవసరం ఉంది. ఎందుకంటే మైక్‌ను సమర్థించేవారిలో చాలామంది "ఇది మా సంప్రదాయం" అని చెప్పి అక్కడితో ఆగిపోతారు. ప్రాణమున్న జంతువును గోడల మధ్య ఉంచడానికి ఆ ఒక్క మాట చాలదు.

అమెరికా కాలేజీల్లో బతికున్న జంతువును మస్కట్‌గా పెట్టుకోవడం పాత అలవాటే. యేల్ యూనివర్సిటీలో హ్యాండ్సమ్ డాన్ అనే బుల్‌డాగ్‌తో 1889లో ఇది మొదలైందని చెబుతారు. టెక్సస్ యూనివర్సిటీకి పొడవాటి కొమ్ముల ఎద్దు, కొలరాడోకు అడవిదున్న, జార్జియాకు బుల్‌డాగ్, నౌకాదళ అకాడమీకి మేక ఉన్నాయి. అయితే క్యాంపస్ నడిబొడ్డున పులిని పెంచుతున్నది మా యూనివర్సిటీ ఒక్కటే. అందుకే మాపై వచ్చే విమర్శ కూడా అందరికంటే ఎక్కువ. అలా రావడం న్యాయమే.

మొదటి మైక్ 1936 అక్టోబరులో అర్కాన్సాస్ రాష్ట్రంలోని లిటిల్ రాక్ జంతుప్రదర్శనశాల నుంచి వచ్చింది. దాని ఖరీదు 750 డాలర్లు. ఆ డబ్బును యూనివర్సిటీ ఖజానా ఇవ్వలేదు, ఏ ధనవంతుడూ దానం చేయలేదు. విద్యార్థులు తలా 25 సెంట్లు వేసుకొని పోగు చేశారు. ఆర్థిక మాంద్యం దేశాన్ని ఇంకా వదలని రోజులవి. తలా పాతిక సెంట్ల లెక్కన ఆ మొత్తం రావాలంటే మూడు వేల మంది చేయి కలపాలి. పులిని తీసుకురావడానికి అందరికంటే ఎక్కువ శ్రమపడిన మైక్ చేంబర్స్ అనే వ్యాయామ శిక్షకుడి పేరే దానికి పెట్టారు. ఫుట్‌బాల్ జట్టు 1896 నుంచే తనను తాను పులి అని చెప్పుకుంటోంది. ఆ పేరుకు నలభై ఏళ్ల తర్వాత ప్రాణం పోసింది మాత్రం విద్యార్థులు. ఈ సంగతి నాకు ముఖ్యమైనది. యూనివర్సిటీ ప్రచార విభాగం ఆలోచించి తయారుచేసిన గుర్తు కాదిది. చేతిలో పెద్దగా డబ్బు లేని పిల్లలు తమ సొంత పైసలతో తెచ్చుకున్న జీవి.

అయితే ఆ తర్వాత చాలా దశాబ్దాలు ఆ జీవిని చూసుకున్న తీరులో సమర్థించలేనివి ఉన్నాయి. ఆట ఉన్న రోజున పులిని చక్రాల బోనులోకి ఎక్కించి, బోను మీద చీర్‌లీడర్లను కూర్చోబెట్టి, అరుపుల మధ్య స్టేడియం చుట్టూ తిప్పేవారు. అవతలి జట్టు ఆటగాళ్లు మైదానంలోకి వెళ్లే దారి పక్కనే ఆ బోనును నిలిపేవారు. ఆటకు ముందు మైక్ ఎన్నిసార్లు గర్జిస్తే మా జట్టు అన్ని టచ్‌డౌన్లు (అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక రకం స్కోరు) చేస్తుందని ఒక నమ్మకం ఉండేది. ఆ గర్జన కోసం బోనును చరిచేవారు కూడా. పులి నివాసం కూడా అంత భద్రంగా ఉండేది కాదు. 1981లో కొందరు ఆకతాయిలు తాళాలు కోసేయడంతో నాలుగో మైక్ రాత్రివేళ క్యాంపస్‌లోకి నడిచి వచ్చింది. మత్తు సూదితో పడుకోబెట్టి తిరిగి లోపలికి చేర్చారు. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఆ కథను పాత విద్యార్థులు ఇప్పటికీ ఉత్సాహంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అది విన్నప్పుడల్లా ఆ పులి ఎంత బెదిరిపోయి ఉంటుందోనన్న ఆలోచనే వస్తుంది.

లక్షమందికి పైగా పట్టే స్టేడియంలో, చెవులు దద్దరిల్లే శబ్దంలో, చిన్న బోనులో ఒక పులిని నిలబెట్టడం క్రూరత్వమని విమర్శకులు అన్నారు. వారి మాట నిజం. ఆ నిజాన్ని యూనివర్సిటీ నెమ్మదిగానైనా ఒప్పుకుంది. దాదాపు 30 లక్షల డాలర్ల విరాళాలు సేకరించి 2005లో టైగర్ స్టేడియానికి ఎదురుగా 15,000 చదరపు అడుగుల ఆవరణ కట్టింది. అందులో పెద్ద ఓక్ చెట్టు, జలపాతం, వాగు, పులి ఈదగలిగినంత నీరు, రాళ్ల గుట్ట, రాత్రి పడుకోవడానికి వేరే గదులు ఉన్నాయి. ఆరో మైక్ చివరి ఏళ్లలో బోనులోకి ఎక్కడానికి ఇష్టపడలేదు, దాన్ని ఎవరూ బలవంతం చేయలేదు. 2017లో ఏడో మైక్ వచ్చినప్పుడు, ఈ పులిని ఇక స్టేడియంలోకి తీసుకువెళ్లబోమని యూనివర్సిటీ ప్రకటించింది.

స్టేడియంలో పులి లేకపోతే ఆటకు ఊపు పోతుందని, కాలేజీ స్ఫూర్తి చల్లబడుతుందని అప్పట్లో చాలామంది బాధపడ్డారు. నా అనుభవం దీనికి పూర్తిగా వ్యతిరేకం. నేను చెప్పదలచుకున్నది కూడా ప్రధానంగా ఇదే.

వేరే దేశం నుంచి వచ్చి అక్కడ చదువుకున్న విద్యార్థికి ఆ కాలేజీ స్ఫూర్తి మొదట్లో ఒక మూసిన తలుపులా ఉంటుంది. అమెరికన్ ఫుట్‌బాల్ నియమాలు అర్థం కావడానికి కాలం పడుతుంది. టికెట్లు ఖరీదైనవి. స్టేడియం బయట గుడారాలు వేసుకొని వండుకొని తింటూ ఉండే కుటుంబాలు మూడు తరాలుగా అదే చోట చేరుతున్న కుటుంబాలు. వారు ఆప్యాయంగానే పలకరిస్తారు కానీ, వారి జ్ఞాపకాల్లో మనకు చోటుండదు. ఇన్నిటి మధ్య, ఏ నియమమూ తెలియకపోయినా, ఏ టికెట్టూ లేకపోయినా నిలబడి చూడగలిగినది మైక్ ఒక్కటే. ఆ ఆవరణ ముందు ప్రవేశ రుసుము లేదు. లేబొరేటరీ నుంచి అలసిపోయి వస్తున్న పరిశోధక విద్యార్థి, గదులు ఊడ్చే ఉద్యోగి, పిల్లలను తీసుకొచ్చిన ఊరివాళ్లు, ఒకప్పుడు అక్కడే చదువుకొని ఇప్పుడు మనవలతో వచ్చిన పెద్దవాళ్లు పక్కపక్కనే నిలబడతారు. "లేచిందా?" అని పక్కవాడిని అడగడానికి పరిచయం అక్కర్లేదు. నన్ను ఆ యూనివర్సిటీకి చెందినవాడిగా మొదట చేసింది ఆ గాజుగోడ ముందు నిలబడిన సమయమే. మైదానంలో జట్టు గెలిచిందా ఓడిందా అన్నది మైక్ దగ్గర ప్రస్తావనకు రాదు. ఆదివారం ఉదయం అది నీళ్లలో దిగి కూర్చుంటే, ముందురోజు ఘోరంగా ఓడిపోయిన జట్టు అభిమానులు కూడా నవ్వుకుంటూ చూస్తారు.

బోనులో స్టేడియానికి తెచ్చిన పులి ఆ రోజు ఆటకు అలంకారం మాత్రమే. టికెట్టు కొన్నవారికే దక్కేది, ఆట ముగియగానే తెరమరుగయ్యేది. తన చోట తాను ఉండే పులి దగ్గరికి మనుషులే వెళ్లాలి, దానికి వీలైనప్పుడే చూడాలి, అది నిద్రపోతుంటే వెనుదిరిగి రావాలి. ఈ తేడా చిన్నదేమీ కాదు. నలుగురూ కలిసి తమకంటే వేరైన ఒక ప్రాణికి లోబడి నడుచుకోవడం నేర్పిన స్ఫూర్తి, గెలుపు కోసం గొంతు చించుకునే స్ఫూర్తి కంటే గట్టిదని నా నమ్మకం.

2016 వేసవిలో ఈ విషయం మాకందరికీ తెలిసివచ్చింది. ఆ ఏడాది మే నెలలో ఆరో మైక్ ముఖం వాచింది. పరీక్షలు చేస్తే స్పిండిల్ సెల్ సార్కోమా అనే అరుదైన క్యాన్సర్ అని తేలింది. కణితి ఉన్న చోటు వల్ల శస్త్రచికిత్స చేయడానికి వీల్లేదు. వెటర్నరీ కాలేజీ వైద్యులు యూనివర్సిటీ ఉన్న బేటన్ రూజ్ నగరంలోని మేరీ బర్డ్ పెర్కిన్స్ క్యాన్సర్ ఆస్పత్రితో మాట్లాడారు. అది మనుషుల ఆస్పత్రి. జూన్ మొదట్లో మైక్‌కు మత్తు ఇచ్చి అక్కడికి తీసుకెళ్లి, కణితికి మాత్రమే గురిపెట్టి రేడియేషన్ ఇచ్చారు. నయమవుతుందని ఎవరూ అబద్ధం చెప్పలేదు. కొంతకాలం బాధ లేకుండా గడపగలదని మాత్రమే చెప్పారు. వేసవి అంతా మైక్ తిరిగింది, తిన్నది, నీళ్లలో ఆడింది. అక్టోబరు నాటికి కణితి మళ్లీ పెరిగి, వ్యాధి ఒంట్లో ఇతర చోట్లకూ పాకింది. ఇక వెలుపలికి పంపకుండా లోపలే చూసుకుంటూ, అక్టోబరు 11న నొప్పి లేకుండా నిద్రలోనే సాగనంపారు. పదకొండేళ్ల వయసు దానికి.

ఆ రోజుల్లో ఆవరణ బయట పేరుకున్న పూలు, చిన్నపిల్లలు వంకరటింకర అక్షరాలతో రాసి అంటించిన కాగితాలు చూసినవారెవరూ మస్కట్ అంటే వట్టి ప్రచార సాధనమని అనలేరు. మా యూనివర్సిటీలో పులి వేషం కట్టి మైదానంలో గంతులేసే మస్కట్ కూడా ఉంది. ఆ వేషధారి అంటే అందరికీ సరదాయే. కానీ ఆ వేషానికి జబ్బు చేయదు, ముసలితనం రాదు. దాని కోసం ఎవరూ రాత్రి మేలుకోనక్కర్లేదు. బొమ్మ చాలదా, వేషం చాలదా అని అడిగేవారికి నా జవాబు ఇక్కడే ఉంది. ఒక ప్రాణి బాధ్యత నెత్తిన వేసుకున్న సంస్థ, ఆ బాధ్యతను ఎలా నెరవేరుస్తోందో అందరి కళ్లముందూ ప్రతిరోజూ చూపించవలసి ఉంటుంది. వెటర్నరీ కాలేజీ విద్యార్థుల్లోంచి ఎంపికైన ఇద్దరు మైక్‌ను చూసుకుంటారు. సెలవులైనా, పరీక్షలైనా, తుఫాను వచ్చినా తిండి పెట్టాలి, ఆవరణ కడగాలి, నడకలో తేడా ఉందా అని గమనించాలి. కాలేజీ స్ఫూర్తి అన్న మాటకు ఇంతకంటే కష్టమైన, ఇంతకంటే నిశ్శబ్దమైన రూపం నాకు తెలియదు.

ఇక అసలైన అభ్యంతరానికి వస్తాను. అడవిలో మగపులి పదుల చదరపు కిలోమీటర్ల మేర తిరుగుతుంది. దానికి 15,000 చదరపు అడుగులు ఏ మూలకు? ఈ ప్రశ్నకు తప్పించుకునే జవాబు చెప్పను. ఏ ఆవరణా అడవి కాదు, మంచి జంతుప్రదర్శనశాల కూడా అడవి కాదు. ఒక పులిని అడవి నుంచి పట్టి తెచ్చి అక్కడ పెట్టే పనైతే నేనే ముందు నిలబడి వద్దంటాను. మైక్ సంగతి అది కాదు. ఏడో మైక్ ఫ్లోరిడాలోని ఒకీచోబీ దగ్గరున్న ఒక వన్యప్రాణి సంరక్షణ కేంద్రం నుంచి విరాళంగా వచ్చింది. ఆరో మైక్ ఇండియానాలోని అటువంటి కేంద్రం నుంచే వచ్చింది. ఇద్దరూ మనుషుల మధ్య పుట్టినవారే, సైబీరియా, బెంగాల్ జాతుల కలయికతో పుట్టినవారే. అలాంటి పులిని ఏ అడవీ స్వీకరించదు, జాతి సంరక్షణ కోసం జంతుప్రదర్శనశాలలు నడిపే సంతానోత్పత్తి కార్యక్రమాల్లోనూ దానికి చోటు లేదు. కాబట్టి దాని ముందున్న ఎంపిక అడవికీ క్యాంపస్‌కూ మధ్య కాదు. ఒక ఆవరణకూ మరో ఆవరణకూ మధ్య. యూనివర్సిటీ డబ్బిచ్చి పులిని కొనదు, లాభం కోసం పులులను పుట్టించే వ్యాపారాన్ని సమర్థించబోనని కూడా ప్రకటించింది. ఈ రెండు నియమాలూ లేకపోతే నా సమర్థన కూడా ఉండదు.

మరో ఆవరణ ఎలా ఉంటుందో మా రాష్ట్రంలోనే కనిపించింది. బేటన్ రూజ్‌కు పడమరగా, గ్రోస్ టేట్ దగ్గర హైవే పక్కన ఒక ట్రక్ స్టాప్‌లో టోనీ అనే పులి ఏళ్ల తరబడి బతికింది. పెట్రోలు కోసం ఆగే బండ్ల పొగ, రాత్రింబవళ్లు ఇంజిన్ల మోత మధ్య ఉన్న ఆ పులిని విడిపించడానికి ఎన్నో ఏళ్లు కోర్టుల్లో కేసులు నడిచాయి. అవి తేలకుండానే 2017 అక్టోబరులో, పదిహేడేళ్ల వయసులో అది చనిపోయింది. ఏడో మైక్ మా క్యాంపస్‌కు వచ్చింది సరిగ్గా ఆ ఏడాదే. 2022 డిసెంబరులో వచ్చిన సమాఖ్య చట్టం పులులు, సింహాల వంటి పెద్ద పిల్లి జాతి జంతువులను ఇళ్లలో పెంచడాన్ని, జనం చేత వాటి కూనలను తాకించడాన్ని నిషేధించింది. అయితే రాష్ట్ర యూనివర్సిటీలకు మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపును మేము మా హక్కుగా చెప్పుకోకూడదని నా అభిప్రాయం. అది మా మీద పెట్టిన నమ్మకం, దాన్ని రోజూ సంపాదించుకోవాలి.

హ్యూస్టన్ యూనివర్సిటీ అనుసరించిన దారి గురించి కూడా ఆలోచించాను. అక్కడి మస్కట్ షాస్టా అనే కూగర్, అమెరికా అడవుల్లో ఉండే పెద్ద పిల్లి జాతి జంతువు. దాన్ని క్యాంపస్‌లో ఉంచరు, హ్యూస్టన్ జంతుప్రదర్శనశాలలో ఉంచుతారు. వేటగాడు తల్లిని చంపేయగా వాషింగ్టన్ రాష్ట్రంలో అనాథగా మిగిలిన పిల్లను ఆరో షాస్టాగా తెచ్చుకున్నారు. గౌరవించదగిన ఏర్పాటు. వెటర్నరీ కాలేజీ లేని యూనివర్సిటీకి అదే సరైనది కూడా. మా దగ్గర పశువైద్యులు, ఆపరేషన్ గది, నేర్చుకునే విద్యార్థులు నడిచి వెళ్లే దూరంలోనే ఉన్నారు కాబట్టి మైక్ అక్కడే ఉండాలంటాను.

బతికున్న ప్రతి మస్కట్‌నూ నేను వెనకేసుకొస్తానని ఎవరూ అనుకోవద్దు. 2019 జనవరి 1న న్యూ ఆర్లియన్స్‌లో షుగర్ బౌల్ అనే కాలేజీ ఫుట్‌బాల్ ఆటకు ముందు టెక్సస్ ఎద్దు బీవో అడ్డుగా పెట్టిన కంచెను తోసుకొని జార్జియా బుల్‌డాగ్ ఉగా మీదికి దూసుకెళ్లింది. ఫోటో కోసం రెండు జంతువులను ఎదురెదురుగా తేవాలన్న ఆలోచనే అక్కడ తప్పు. ఎద్దు తప్పేమీ లేదు. ముఖం అణిగి ఊపిరికి కష్టపడే జాతి కుక్కను ఎండలో ఐసు సంచుల మీద కూర్చోబెట్టడాన్నీ నేను సమర్థించలేను. కొలరాడోలో ఆరో రాల్ఫీ అనే అడవిదున్నకు పరుగెత్తడం మీద ఆసక్తి లేదని గమనించి 2025లో దాన్ని మైదానం నుంచి విరమింపజేశారు. నా దృష్టిలో మంచి సంప్రదాయం అంటే అలా ఉండాలి. జంతువు వద్దంటే మనుషులు వినాలి.

అందుకే 2024 నవంబరులో జరిగినది నన్ను బాగా కలచివేసింది. అలబామాతో ఆట రోజున లూసియానా గవర్నర్ జెఫ్ ల్యాండ్రీ పూనుకొని, ఫ్లోరిడా నుంచి ఒమర్ బ్రాడ్లీ అనే వేరే పులిని తెప్పించి, బోనులో టైగర్ స్టేడియం మైదానంలోకి దింపించారు. మైక్ తన ఆవరణలోనే ఉంది. మా యూనివర్సిటీ ఏళ్ల తరబడి విమర్శ విని, ఆలోచించి వదిలేసిన పనిని, సంప్రదాయాన్ని నిలబెడుతున్నామంటూ బయటివారు తిరిగి తెచ్చారు. సంప్రదాయం అంటే 1936 నాటి విద్యార్థులు పులి మీద పెట్టుకున్న ప్రేమ. చక్రాల బోను ఆ ప్రేమలో భాగం కాదు, ఆ కాలపు తెలియనితనంలో భాగం. ఈ రెండింటినీ కలిపేసి "పాతది కాబట్టి మంచిది" అనేవారు మైక్‌కు స్నేహితులు కారు. చెప్పాలంటే, మైక్ ఉండకూడదనే వారికి ఆ రోజు దొరికినంత బలమైన ఆధారం గత పదేళ్లలో మరొకటి దొరకలేదు. ఆ ఆటలో 42-13 తేడాతో ఓడిపోయాం. గెలిచినా నా మాట ఇదే.

ఏడో మైక్ 2016 సెప్టెంబరులో పుట్టింది. మంచి పోషణలో పులులు ఇరవై ఏళ్ల దాకా బతుకుతాయి, మొదటి మైక్, నాలుగో మైక్ అలాగే బతికాయి. కాబట్టి ఆ పాత ప్రశ్న మళ్లీ రావడానికి ఇంకా సమయం ఉంది. ఆ సమయంలోనే యూనివర్సిటీ కొన్ని మాటలను రాతపూర్వకంగా ఇవ్వాలని నా కోరిక. రాబోయే పులి సంరక్షణ కేంద్రం నుంచే రావాలి. అది ముద్దొచ్చే పిల్ల కావాలన్న పట్టుదల మానాలి. పెరిగిన పులులకే ఆశ్రయం దొరకడం కష్టం కాబట్టి, పెద్ద వయసు పులిని తెచ్చుకున్నా అభిమానం తగ్గదు. గవర్నర్ అడిగినా, లక్షలిచ్చే దాత అడిగినా, ఏ పులీ స్టేడియం గడప తొక్కకూడదు. ఆవరణ కట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పటి ప్రమాణాలకు తగ్గట్టుగా దాన్ని విస్తరించాలి. ఆ పనికి పాత విద్యార్థులను చందా అడిగితే నా వంతు నేను ఇస్తాను, నా తోటివారినీ అడుగుతాను.